స్మార్ట్‌ఫోన్‌తో పాతకాలపు శైలి ఛాయాచిత్రాలు

స్మార్ట్‌ఫోన్ కెమెరాతో తీసిన చిత్రానికి యాప్‌ల సాయంతో గాజు పలక, ఫిలిం, పోలరాయిడ్ వంటి పాత మాధ్యమాల రూపురేఖలను తెప్పించే ప్రక్రియను పాతకాలపు శైలి ఛాయాగ్రహణం అంటారు. రెట్రో లేదా వింటేజ్ ఛాయాగ్రహణం అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. గోధుమ వన్నె, వెలిసిన రంగులు, మసకబారిన అంచులు, ఇసుక చల్లినట్లు కనిపించే రేణువులు, తెల్లని చట్రం దీని ప్రధాన లక్షణాలు. 2009 చివరలో హిప్‌స్టమాటిక్, 2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ విడుదలైన తరువాత ఈ శైలి ప్రపంచమంతటా వ్యాపించింది.

పైన చెప్పిన లక్షణాలలో దాదాపు ప్రతి ఒక్కటీ ఒకప్పుడు ఏదో ఒక పదార్థపు లోపం వల్లనో పరిమితి వల్లనో ఏర్పడినదే. ఏ లోపం ఏ కాలానికి చెందినదో తెలిసి అనుకరించినపుడు చిత్రం నమ్మదగినదిగా ఉంటుంది. తెలియక అన్నింటినీ కలిపితే అది ఏ కాలానికీ చెందని చిత్రమవుతుంది. అయితే చక్కగా కుదిరిన అనుకరణను నిజమైన పాత చిత్రంగా పొరబడే అవకాశం కూడా ఉంటుంది. ఈ శైలిపై వచ్చిన వాదవివాదాలలో ఎక్కువ భాగం ఈ విషయం చుట్టూనే జరిగాయి.

చరిత్ర

చిత్రంలోని లోపాన్ని అందంగా భావించే ధోరణి స్మార్ట్‌ఫోన్ల కంటే పాతది. 1984లో లెనిన్‌గ్రాడ్ నగరంలోని లోమో సంస్థ ఎల్‌సి-ఎ అనే చిన్న కెమెరాను తయారు చేసింది. దాని కటకం వల్ల చిత్రపు అంచులు నల్లబడి, రంగులు గాఢంగా వచ్చేవి. ఈ కెమెరాను ఇష్టపడిన కొందరు యువకులు 1992లో వియన్నాలో లోమోగ్రఫీ అనే ఉద్యమాన్ని మొదలుపెట్టారు. 1980ల ఆరంభంలో హాంగ్‌కాంగ్‌లో తయారైన హోల్గా అనే ప్లాస్టిక్ కెమెరాకు కూడా ఇటువంటి అభిమానులే ఉన్నారు. స్లైడు ఫిలింను కావాలనే నెగెటివ్ ఫిలిం రసాయనాలలో కడిగి, వింత రంగులు రప్పించే క్రాస్ ప్రాసెసింగ్ అనే పద్ధతి కూడా యాప్‌ల కంటే ముందునుండే ఉన్నది.

పాత మాధ్యమాలు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్న సంవత్సరాలలోనే వాటిని అనుకరించే యాప్‌లు పుట్టాయి. పోలరాయిడ్ సంస్థ తక్షణ ఫిలిం తయారీని ఆపివేస్తున్నట్లు 2008లో ప్రకటించింది. 1935 నుండి అమ్ముడైన కోడాక్రోమ్ ఫిలింను నిలిపివేస్తున్నట్లు కోడాక్ సంస్థ 2009 జూన్‌లో ప్రకటించింది. అదే సంవత్సరం డిసెంబరులో ఐఫోన్ కొరకు హిప్‌స్టమాటిక్ యాప్ వచ్చింది. ఇందులో మొదట్లో చిత్రం తీసిన తరువాత దిద్దే పద్ధతి ఉండేది కాదు. తీయకముందే ఊహాత్మకమైన కటకాన్ని, ఫిలింను, ఫ్లాష్‌ను ఎంచుకోవలసి వచ్చేది. ఆపిల్ సంస్థ దీనిని 2010 సంవత్సరపు ఉత్తమ ఐఫోన్ యాప్‌గా ఎంపిక చేసింది. 1980లలో ఇద్దరు అన్నదమ్ములు తయారు చేసిన చవక కెమెరా ఈ యాప్‌కు ప్రేరణ అని తొలినాళ్లలో ప్రచారం జరిగింది. అది కల్పిత కథ అని తరువాత పత్రికా కథనాలు వెల్లడించాయి. అంటే చిత్రాలకే కాక, వాటిని తీసే కెమెరాకు కూడా కృత్రిమంగా పాతదనాన్ని కల్పించారన్నమాట.

2010 అక్టోబరు 6న కెవిన్ సిస్ట్రోమ్, మైక్ క్రీగర్ ఇన్‌స్టాగ్రామ్‌ను విడుదల చేశారు. చతురస్రాకారపు చిత్రం, ఒక్క మీటతో మారిపోయే ఫిల్టరు, వెంటనే పదిమందికి చూపించే వీలు దీనిలో ఒకేచోట లభించాయి. ఎక్స్-ప్రో 2, 1977 వంటి ఫిల్టరు పేర్లు కూడా పాత ఛాయాగ్రహణాన్ని గుర్తుచేసేవే. అప్పటి ఫోన్ కెమెరాల నాణ్యత తక్కువ. 2008 నాటి ఐఫోన్ 3జిలో 2 మెగాపిక్సెళ్ల కెమెరా మాత్రమే ఉండేది. చీకటిలో మచ్చలు పడిన చిత్రాన్ని ఫిల్టరు కప్పిపుచ్చేది. ఫోన్ చిత్రంలోని లోపం పాత ఫిలిం లోపంలాగా కనిపించడం ఈ ఫిల్టర్ల విజయానికి ముఖ్యమైన కారణాలలో ఒకటి. 2012 జనవరిలో కోడాక్ సంస్థ దివాలా రక్షణ కోరగా, అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ సంస్థ ఇన్‌స్టాగ్రామ్‌ను సుమారు 100 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించింది.

2015 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ చతురస్రం కాని చిత్రాలను కూడా అనుమతించింది. 2016 మేలో పాత తక్షణ కెమెరాను పోలిన తన చిహ్నాన్ని కూడా మార్చివేసింది. అప్పటికి ఫోన్ కెమెరాలు మెరుగుపడినందువలన, లోపాలను దాచే అవసరం తగ్గి, ఫిలిం రంగులను సున్నితంగా అనుకరించే విస్కో వంటి యాప్‌ల వైపు వాడుకరులు మళ్లారు. 2017లో దక్షిణ కొరియా నుండి వచ్చిన గుడాక్ యాప్ మరొక దారి పట్టింది. ఇందులో ఒక రీలుకు 24 చిత్రాలే తీయాలి. వాటిని చూడటానికి 3 రోజులు వేచి ఉండాలి. ఫిలిం కడిగించడానికి ఇచ్చి ఎదురుచూడటాన్ని కూడా ఇది అనుకరించింది.

పాత రూపానికి మూలకారణాలు

గోధుమ వన్నె: పాత చిత్రాలన్నీ సెపియా రంగులో ఉంటాయనే అభిప్రాయం విస్తృతంగా ఉంది. నిజానికి ఈ వన్నెకు కారణాలు వేరువేరు. 1850లో వచ్చిన ఆల్బుమెన్ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత పూసేవారు. దానిపై అచ్చు సహజంగానే గోధుమ, ఊదా ఛాయలలో వచ్చేది. కాలం గడిచేకొద్దీ తెల్లని భాగాలు పసుపుబారేవి. సెపియా టోనింగ్ అనేది దీనికి భిన్నమైన రసాయన ప్రక్రియ. ఇందులో చిత్రంలోని వెండిని సిల్వర్ సల్ఫైడుగా మారుస్తారు. ఇది వెండి కంటే స్థిరమైనది కాబట్టి చిత్రం ఎక్కువ కాలం మన్నుతుంది. అందువలన ఆల్బుమెన్ చిత్రాన్ని అనుకరించేటపుడు మొత్తానికి ఒకే గోధుమ రంగు పులమడం సరికాదు. తెలుపులకు పసుపు ఛాయ, నలుపులకు ఊదా కలిసిన గోధుమ ఛాయ విడివిడిగా ఇవ్వాలి.

నీలం మాత్రమే చూసే పలక: 19వ శతాబ్దపు సాధారణ గాజు పలకలు నీలి కాంతికి, అతినీలలోహిత కాంతికి మాత్రమే స్పందించేవి. ఎరుపును దాదాపు గుర్తించేవి కావు. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ పలకలు 1906లో మార్కెట్లోకి వచ్చినా, వాటి వాడకం సామాన్యం కావడానికి చాలా కాలం పట్టింది. ఈ కారణంగా నాటి చిత్రాలలో ఆకాశం మేఘాలు లేకుండా తెల్లగా, పెదవులు నల్లగా, చర్మం ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తాయి. కుంకుమ బొట్టు నల్లని చుక్కగా పడుతుంది. బంగారు నగలు పసుపు రంగువి కాబట్టి అవి కూడా మెరుపు తప్ప మిగిలిన భాగమంతా ముదురుగానే వస్తాయి. ఎర్రచీర నల్లగా, లేత నీలం చీర దాదాపు తెల్లగా మారుతుంది. తలలోని మల్లెపూలు మాత్రం తెల్లగానే ఉంటాయి. పాత చిత్రాలలోని మనుషుల మేనిఛాయను, బట్టల రంగును చిత్రాన్ని బట్టి నిర్ణయించరాదనటానికి ఇదే కారణం. ఫోన్ యాప్‌లలోని మామూలు నలుపు తెలుపు ఫిల్టర్లలో ఎక్కువ భాగం ఈ తేడాను పట్టించుకోవు.

రేణువులు: ఫిలింలోని వెండి లవణాల స్ఫటికాలు కడిగిన తరువాత సూక్ష్మమైన వెండి రేణువులుగా మారి, పెద్దది చేసి చూసినపుడు ఇసుకలాగా కనిపిస్తాయి. తక్కువ వెలుతురులో పనిచేసే వేగవంతమైన ఫిలింలో ఇవి పెద్దవి. డిజిటల్ కెమెరాలో చీకటి భాగాలలో పడే రంగురంగుల మచ్చలు వీటివంటివి కావు. గాజు పలకలను పెద్దవి చేయకుండా నేరుగా కాగితంపై అచ్చు వేసేవారు కాబట్టి ఆనాటి చిత్రాలు చాలా నునుపుగా ఉంటాయి. 1880ల నాటి చిత్రానికి గరుకైన రేణువులు జోడించడం ఈ శైలిలో సర్వసాధారణంగా కనిపించే పొరపాటు.

అంచులు నల్లబడటం, వెలుగు చొరబడటం: సాదా కటకం గుండా అంచులకు చేరే వెలుగు మధ్యభాగానికి చేరే వెలుగు కంటే తక్కువ. భారతదేశంలో దశాబ్దాలపాటు అమ్ముడుపోయిన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా చిత్రాలలో అంచులు మెత్తగా ఉండటం ఇందుకు ఉదాహరణ. ఆ కెమెరా 120 ఫిలింపై 12 చతురస్రాకార చిత్రాలు తీసేది. ఇక కెమెరా మూత సరిగా పడనపుడు లోపలికి చొరబడిన వెలుగు చిత్రంపై నారింజ రంగు చారగా పడేది.

రంగులు వెలవడం: రంగుల ప్రింటులో సయాన్, మెజెంటా, పసుపు అనే మూడు వర్ణకాల పొరలు ఉంటాయి. ఇవి ఒకే వేగంతో వెలిసిపోవు. 1970ల నాటి ప్రింట్లు చీకటిలో, ఆల్బమ్‌లలో ఉన్నప్పటికీ వాటిలోని సయాన్ ముందుగా క్షీణించడంతో ఎర్రబారాయి. నలుపు కూడా పూర్తి నలుపుగా మిగలక గోధుమ కలిసిన బూడిద రంగుకు దిగింది. యాప్‌లలోని ఫేడ్ అనే మీట చేసేది ఈ పనే.

చిత్రం తీసే పద్ధతి

స్మార్ట్‌ఫోన్ కెమెరా సహజంగా చేసే పని ఈ శైలికి వ్యతిరేకమైనది. మీట నొక్కగానే ఫోన్ అనేక చిత్రాలను తీసి కలుపుతుంది. నీడలను తేటపరుస్తుంది, ఆకాశంలో మేఘాలను నిలబెడుతుంది, మచ్చలను తుడిచి అంచులకు పదును పెడుతుంది. ఇంత తేటగా వచ్చిన చిత్రంపై ఎన్ని ఫిల్టర్లు వేసినా అది నిన్న తీసినదిగానే కనిపిస్తుంది. కాబట్టి వీలున్న ఫోన్లలో హెచ్‌డిఆర్‌ను, ముఖాన్ని నునుపు చేసే బ్యూటీ మోడ్‌ను ఆపివేయాలి. రా పద్ధతిలో చిత్రం తీయడం ఇంకా మేలు. ఆండ్రాయిడ్‌లో 2014 నాటి 5.0 సంచిక నుండి రా చిత్రాలకు వీలు కలిగింది. అయితే ప్రతి ఫోన్‌లోనూ ఈ సదుపాయం ఉండదు.

ఫోన్ ప్రధాన కెమెరా ఎక్కువ వెడల్పును చూస్తుంది. దగ్గరగా నిలబడి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్లుగా వస్తాయి. పాత స్టూడియోలలో పొడవైన కటకాలతో దూరం నుండి తీసేవారు. అందువలన రెండడుగులు వెనక్కి జరిగి 2 రెట్ల జూమ్ వాడటం మంచిది. వెలుతురు ఒక వైపు కిటికీ నుండి రావాలి. తలపైని ట్యూబ్‌లైటు ఆర్పివేయాలి. విద్యుద్దీపాలు లేని కాలపు స్టూడియోలు పెద్ద కిటికీలు, గాజు కప్పుల గుండా వచ్చే పగటి వెలుతురు మీదనే ఆధారపడ్డాయి.

చిత్రంలో ఏమి కనిపిస్తున్నదనేది ఫిల్టరు కంటే ముఖ్యం. ప్లాస్టిక్ కుర్చీ, స్విచ్చుబోర్డు, చేతిలోని ఫోన్, బట్టలపై ముద్రించిన అక్షరాలు చిత్రం కాలాన్ని వెంటనే బయటపెడతాయి. 1990ల కాంపాక్ట్ కెమెరా శైలికి మాత్రం ఈ జాగ్రత్తలు అంతగా అవసరం లేదు. చీకటిలో ఎదురుగా ఫ్లాష్ వేసి, కుడివైపు కింద నారింజ రంగులో తేదీ వేస్తే సరిపోతుంది. ఈ తేదీ వేసే యాప్‌లలో హుజీ పేరుపొందినది.

యాప్‌లలో దిద్దుబాటు

ఈ పనికి స్నాప్‌సీడ్, లైట్‌రూమ్, విస్కో విరివిగా వాడుకలో ఉన్నాయి. నిక్ సాఫ్ట్‌వేర్ 2011లో విడుదల చేసిన స్నాప్‌సీడ్‌ను 2012లో గూగుల్ సంస్థ సొంతం చేసుకున్నది. ఇందులో వింటేజ్, రెట్రోలక్స్, గ్రెయినీ ఫిలిం అనే సాధనాలు ఉన్నాయి. రెట్రోలక్స్ జోడించే గీతలు, వెలుగు చారలు చూడటానికి బాగున్నా, ఒకే గీత పది చిత్రాలలో ఒకే చోట కనిపిస్తే కృత్రిమత బయటపడుతుంది.

సిద్ధంగా ఉన్న ఫిల్టరుకు బదులు సాధనాలను విడివిడిగా వాడేవారు సాధారణంగా ముందు చట్రపు కొలతను కత్తిరించి, తరువాత వెలుగునీడలను, ఆపైన రంగును దిద్దుతారు. కర్వ్స్ సాధనంలో గీత ఎడమ చివరను కొద్దిగా పైకి జరిపితే నలుపు బూడిద రంగుకు తేలుతుంది. కుడి చివరను కొంచెం కిందికి దించితే తెలుపు కాగితపు తెలుపుగా మారుతుంది. రంగుల చిత్రానికి ఇదే సాధనంలో ఎరుపు గీతను నీడల దగ్గర పైకి, నీలం గీతను వెలుగుల దగ్గర కిందికి జరిపితే 1970ల ప్రింటు ఛాయ వస్తుంది.

గాజు పలక శైలికి చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చేటపుడు ఎరుపు, నారింజ, పసుపు మీటలను బాగా తగ్గించి నీలాన్ని పెంచాలి. నీలి ఫిల్టరు ఉన్న యాప్‌లో దానిని ఎంచుకున్నా చాలు. ఫోన్ సెన్సరులో నీలి భాగంలోనే మచ్చలు ఎక్కువ కాబట్టి ఈ మార్పును అతిగా చేస్తే చిత్రం గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ఆరుబయట పగటి వెలుతురులో తీసిన చిత్రానికి ఈ ఇబ్బంది తక్కువ. రేణువులను అన్నింటికంటే చివర, చిత్రాన్ని తుది పరిమాణానికి తగ్గించిన తరువాత జోడించాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపినపుడు కుదింపు వల్ల ఈ రేణువులు ముద్దలుగా మారతాయి. అందుచేత డాక్యుమెంటు రూపంలో పంపడం మేలు.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

తెలుగు ప్రాంతాలవారికి ఈ శైలిలో అనుకరించదగిన నమూనాలు దగ్గరలోనే ఉన్నాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆయన తీసిన రాజప్రాసాదాల, ప్రముఖుల చిత్రాలు ఆల్బుమెన్ వన్నెకు చక్కని ఉదాహరణలు. ఆయన గాజు పలక నెగెటివ్‌లు పెద్ద సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

తరువాతి కాలపు పట్టణ స్టూడియోలలో మేడమెట్లు, తోటలు, కొలనులు చిత్రించిన తెరల ముందు కుటుంబాలు నిలబడి ఫోటో తీయించుకునేవి. నలుపు తెలుపు ఫోటోపై బుగ్గలకు, పెదవులకు, నగలకు చేత్తో రంగులు దిద్దే పనివారు కూడా ఉండేవారు. ఊటీలో 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ సంస్థ ఇందు పేరుతో నలుపు తెలుపు ఫిలింను, కాగితాన్ని అందించింది. ఫోన్‌లో నలుపు తెలుపు చిత్రంపై పలుచని రంగును కుంచె సాధనంతో పూసి ఈ చేతిరంగుల శైలిని తీసుకురావచ్చు. రంగు గీత దాటి కొంచెం పక్కకు పోతేనే ఇది సహజంగా ఉంటుంది. 1957 నాటి మాయాబజార్ చలనచిత్రాన్ని 2010లో రంగులలోకి మార్చి విడుదల చేయడం దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో జరిగిన ప్రయత్నం.

2025 సెప్టెంబరులో గూగుల్ జెమిని సాయంతో తమ ముఖాన్ని పాత సినిమా తరహా చీరకట్టు చిత్రాలలోకి మార్చుకోవడం భారతదేశమంతటా విపరీతంగా వ్యాపించింది. వీటిలో ముఖం తప్ప చీర, వెలుతురు, గోడ అన్నీ యంత్రం కల్పించినవే. కాబట్టి వీటిని ఫిల్టరు వేసిన ఛాయాచిత్రాలతో సమానంగా పరిగణించలేము. సొంత చిత్రాలను నకిలీ వెబ్‌సైట్లకు, అనధికారిక యాప్‌లకు అప్పగించవద్దని పోలీసు అధికారులు ఆ సమయంలో హెచ్చరించారు.

విమర్శలు, విశ్వసనీయత

న్యూయార్క్ టైమ్స్ ఛాయాగ్రాహకుడు డామన్ వింటర్ 2010లో ఆఫ్ఘనిస్తాన్‌లోని అమెరికన్ సైనికుల దైనందిన జీవితాన్ని ఐఫోన్‌తో, హిప్‌స్టమాటిక్ యాప్‌తో చిత్రీకరించాడు. ఈ చిత్రాలు ఆ పత్రిక మొదటి పుటలో వచ్చాయి. 2011లో పిక్చర్స్ ఆఫ్ ది ఇయర్ పోటీలో తృతీయ బహుమతి లభించినపుడు వివాదం చెలరేగింది. యుద్ధవార్తకు యాప్ తనంతట తాను రంగులు మార్చడం తగదని కొందరు ఆక్షేపించారు. పెద్ద కెమెరా ముందు బిగుసుకుపోయే సైనికులు ఫోన్ ముందు సహజంగా ఉన్నారని, చిత్రంలో విషయమే ముఖ్యమని వింటర్ సమర్థించుకున్నాడు. ఈ రెండు వాదాలలోనూ బలం ఉన్నది. అయితే వింటర్ చిత్రాలు ఎప్పుడు, ఎక్కడ తీసినవో పత్రిక స్పష్టంగా ముద్రించింది కాబట్టి వాటిని పాతవిగా ఎవరూ పొరబడలేదు.

అమెరికా సామాజిక సిద్ధాంతకర్త నాథన్ జర్గెన్సన్ 2011లో రాసిన వ్యాసంలో ఈ శైలిని మరో కోణంలో పరిశీలించాడు. వర్తమానాన్ని అప్పుడే గడిచిపోయిన గతంగా చూసుకునే మనస్తత్వం ఇందులో ఉన్నదని ఆయన అభిప్రాయం.

ఇంతకంటే చిక్కైన సమస్య పేరూ తేదీ లేకుండా చేతులు మారే చిత్రాలది. కుటుంబ ఆల్బమ్‌లోని అసలైన పాత ఫోటోను ఫోన్‌తో తిరిగి తీసి, ఫిల్టరు వేసి, అసలును పారవేస్తే దాని నిజమైన వన్నె, వెనుకవైపు స్టూడియో ముద్ర, చేతిరాత శాశ్వతంగా పోతాయి. స్టూడియో ముద్రను, కాగితపు రకాన్ని బట్టి ఫోటో తీసిన కాలాన్ని అంచనా వేయవచ్చు. ఫిల్టరు వేసిన ప్రతి నుండి అది సాధ్యం కాదు. కాబట్టి ఇటువంటి ఫోటోను రెండు వైపులా ఫిల్టరు లేకుండా తీసి భద్రపరచి, దిద్దుబాట్లను వేరే ప్రతిపై చేయాలి.

కొత్తగా తీసిన చిత్రంలో తేదీ, ఫోన్ నమూనా వంటి వివరాలు ఎగ్జిఫ్ సమాచారంగా ఫైలులోనే నమోదవుతాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపినపుడు, స్క్రీన్‌షాట్ తీసినపుడు ఈ సమాచారం తొలగిపోతుంది. ఆ తరువాత ఆ చిత్రం ఏ సంవత్సరానిదో తెలిపే ఆధారం దానిలో మిగలదు. అందుచేత పాతకాలపు శైలి చిత్రాన్ని ఇతరులకు పంపేవారు తీసిన సంవత్సరాన్ని చిత్రపు అంచున గానీ, కింది వ్యాఖ్యలో గానీ రాయడం మంచిది. చిత్రంతో పాటే ప్రయాణిస్తుంది కాబట్టి అంచున రాయడమే ఎక్కువ ఉపయోగకరం.